మైదానంలో గెలిచారు, పట్టికలో ఓడారు

అమెరికన్ ఫుట్‌బాల్ అనగానే ఇవాళ చాలామందికి గుర్తొచ్చేది సూపర్ బౌల్. ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఆ దేశంలో కోట్లమంది టీవీ ముందే ఉంటారు. అక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబాల్లో, ముఖ్యంగా అక్కడే పుట్టి పెరిగిన పిల్లల్లో, ఆ ఆటంటే ప్రాణం పెట్టేవాళ్లు ఎందరో ఉన్నారు. ఆ ఆటను నడిపే నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లో ఇప్పుడు 32 జట్లున్నాయి. దాదాపు అన్నీ మహానగరాల జట్లే. ఈ రోజు మీకు చెప్పబోయేది ఆ లీగ్ ఇంకా తప్పటడుగులు వేస్తున్న కాలం నాటి సంగతి. అది 1925వ సంవత్సరం. పెన్సిల్వేనియా రాష్ట్రంలో పాట్స్‌విల్ అనే బొగ్గుగనుల ఊరు. ఆ ఊరి జట్టు పేరు మరూన్స్. లీగ్‌లో అడుగుపెట్టిన మొదటి ఏడాదే ఆ జట్టు అందరికంటే పైన నిలిచింది. కానీ రికార్డు పుస్తకంలో 1925 విజేతగా ఇప్పటికీ ఉన్నది వేరే జట్టు పేరు. అది ఎలా జరిగింది, అందులో న్యాయం ఎంత అన్నదే ఈనాటి నా ప్రసంగం.

ముందు ఆ రోజుల్లో ఆట ఎలా ఉండేదో రెండు మాటలు చెబుతాను. ఇది మనవాళ్లు కాలితో ఆడే ఫుట్‌బాల్ కాదు. రెండు కొసలూ సన్నగా ఉండే తోలు బంతిని చేత్తో పట్టుకుని, అడ్డొచ్చినవాళ్లను తోసుకుంటూ ఎదుటివారి గీత దాటించాలి. దాటిస్తే టచ్‌డౌన్, 6 పాయింట్లు. ఆ వెంటనే బంతిని గోల్ స్తంభాల మధ్య నుంచి తన్నితే ఇంకో పాయింటు. ఆట మధ్యలో అలా తన్నితే ఫీల్డ్ గోల్, 3 పాయింట్లు. ఇప్పుడు దాడికి ఒక దళం, రక్షణకు ఒక దళం ఉంటాయి. అప్పుడు ఆ ఏర్పాటు లేదు. దిగిన పదకొండుగురే దాడీ చేయాలి, కాపూ కాయాలి. తలకు పలుచని తోలు టోపీ. అది కూడా పెట్టుకోవాలన్న నిబంధనేమీ లేదు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో హెల్మెట్ తప్పనిసరి అయింది 1943లో.

లీగ్ పుట్టింది 1920లో, ఒహాయో రాష్ట్రంలోని కాంటన్ పట్నంలో, ఒక కార్ల షోరూములో. 1925 నాటికి అందులో 20 జట్లున్నాయి. ఎవరు ఎవరితో ఎన్ని మ్యాచ్‌లు ఆడాలన్నదానికి కచ్చితమైన పట్టిక ఉండేది కాదు. యజమానులు ఉత్తరాలు రాసుకుని, ఫోన్లు చేసుకుని మ్యాచ్‌లు కుదుర్చుకునేవారు. సీజన్ చివర ఫైనల్ అనేదే లేదు. గెలిచినవెన్ని, ఓడినవెన్ని అని లెక్క కట్టి శాతం తీసేవారు. డ్రా అయినవాటిని వదిలేసేవారు. ఎవరి శాతం ఎక్కువైతే వాళ్లు విజేతలు. ఈ శాతం సంగతి దయచేసి గుర్తుంచుకోండి. తగువంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ఇక పాట్స్‌విల్ సంగతి. ఫిలడెల్ఫియాకు వాయవ్యంగా సుమారు 150 కిలోమీటర్ల దూరంలో ఉంది. అప్పటి జనాభా 20 వేల పైచిలుకు. అక్కడి నేలలో దొరికేది ఆంత్రసైట్. మన గోదావరి లోయలో దొరికే బొగ్గు కంటే గట్టి రకం, పొగ తక్కువ. తూర్పు తీరపు నగరాల్లో ఇళ్లను చలికాలంలో వెచ్చగా ఉంచింది ఆ బొగ్గే. దాన్ని తవ్వడానికి ఐర్లండ్, వేల్స్, పోలండ్, లిథువేనియా నుంచి జనం వలస వచ్చారు. పదేళ్లు కూడా నిండని పిల్లలు బొగ్గులోంచి రాళ్లు ఏరే పనిలో వేళ్లు చితకగొట్టుకున్న చరిత్ర ఆ ప్రాంతానిది.

1925 సెప్టెంబరు 1న ఆంత్రసైట్ కార్మికులు సమ్మెకు దిగారు. దాదాపు లక్షన్నర మంది. సమ్మె తర్వాతి ఏడాది ఫిబ్రవరి దాకా, అయిదు నెలలకు పైగా సాగింది. అంటే మరూన్స్ ఆడిన ఆ సీజన్ మొదటి మ్యాచ్ నుంచి చివరి మ్యాచ్ దాకా గనులు మూతబడే ఉన్నాయి. జీతాల్లేవు, పొయ్యి వెలిగించడమే కష్టం. అలాంటి రోజుల్లో ఆదివారం మధ్యాహ్నం ఆ జనం పక్కనే ఉన్న మైనర్స్‌విల్ పార్కుకు వెళ్లి తమ జట్టు ఆట చూసేవారు. మరూన్స్ సొంత మైదానం అదే. దాన్ని స్టేడియం అనడానికి కూడా లేదు, హైస్కూలు పిల్లలు ఆడుకునే మైదానమది.

జట్టు యజమాని డాక్టర్ జాన్ స్ట్రీగల్, ఆ ఊళ్లోనే సర్జన్. 1924లో స్థానిక ఆంత్రసైట్ లీగ్‌లో ఆయన జట్టు నెగ్గింది. మరుసటి ఏడాది ఎన్‌ఎఫ్‌ఎల్‌లో చేరింది. జట్టు పేరు గురించి ఊళ్లో ఒక మాట చెప్పుకుంటారు. ఆటవస్తువుల దుకాణం నడిపే జో జాకో ఫిలడెల్ఫియాకు జెర్సీలు పంపమని రాస్తూ, రంగు ఏదైనా ఫరవాలేదన్నాడట. వచ్చినవి మరూన్ రంగువి. అదే పేరై నిలిచింది.

డాక్టర్ స్ట్రీగల్ చేసిన తెలివైన పని ఇంకొకటుంది. అప్పట్లో చాలా జట్ల ఆటగాళ్లు వారమంతా ఎక్కడో ఉద్యోగం చేసుకుని, మ్యాచ్ రోజుకు రైలెక్కి వచ్చేవారు. ఒకరి ఆట ఒకరికి సరిగా తెలిసేది కాదు. స్ట్రీగల్ తన ఆటగాళ్లచేత ఊళ్లోనే కాపురం పెట్టించాడు. కోచ్ డిక్ రాచ్ వాళ్లచేత క్రమం తప్పకుండా సాధన చేయించాడు. ఇవాళ ప్రతి జట్టూ చేసే పనే అది. అప్పటికి మాత్రం కొత్త.

ఆటగాళ్లలో ఇద్దరి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఒకరు టోనీ లాటోన్. తండ్రి చనిపోతే పదకొండో ఏట గనిలోకి దిగినవాడు. కాలేజీ మొహం చూడలేదు. బొగ్గు బండ్లు తోసి తోసి గట్టిపడ్డ కాళ్లతో, బంతి పట్టుకుని తల వంచి దూసుకొస్తే ముగ్గురు నలుగురు మీద పడితే తప్ప ఆగేవాడు కాదు. రెండో ఆయన చార్లీ బెర్రీ. లాఫయెట్ కాలేజీలో చదివి, దేశంలోని ఉత్తమ కాలేజీ ఆటగాళ్లలో ఒకడిగా పేరు తెచ్చుకున్నాడు. వేసవిలో ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్ జట్టుకు బేస్‌బాల్, చలికాలంలో పాట్స్‌విల్‌కు ఫుట్‌బాల్. బంతి తన్నడంలో దిట్ట. 1925లో లీగ్ మొత్తం మీద ఎక్కువ పాయింట్లు, 74, చేసింది ఆయనే. గని కార్మికుడూ కాలేజీ పట్టభద్రుడూ ఒకే జెర్సీ తొడుక్కుని ఒకరి కోసం ఒకరు దెబ్బలు తిన్న జట్టు అది. నాకు ఆ జట్టంటే ఇంత ఇష్టం కలగడానికి మొదటి కారణం ఇదే.

సీజన్ సెప్టెంబరు 27న మొదలైంది. బఫెలో మీద 28–0. తర్వాతి వారం ప్రావిడెన్స్ చేతిలో 6–0 తేడాతో ఓటమి. రెండు వారాలకే అదే ప్రావిడెన్స్‌ను 34–0తో ఓడించారు. కాంటన్ మీద 28–0, కొలంబస్ మీద 20–0, ఆక్రన్ మీద 21–0. ప్రత్యర్థి గీత దాటడమే గగనమైపోయింది. పన్నెండు లీగ్ మ్యాచ్‌లలో మరూన్స్ చేసిన పాయింట్లు 270, ఇచ్చినవి 45.

ఇందులో పాట్స్‌విల్‌కు ఒక వెసులుబాటు ఉన్న మాట కూడా చెప్పాలి. పెన్సిల్వేనియాలో ఆదివారం టిక్కెట్టు పెట్టి ఆటలు ఆడించకూడదని పాతకాలపు చట్టం ఒకటుండేది. ఫిలడెల్ఫియాలోని ఫ్రాంక్‌ఫర్డ్ పేటకు చెందిన ఎల్లో జాకెట్స్ జట్టు ఆ చట్టానికి కట్టుబడి సొంత మైదానంలో శనివారాలే ఆడేది. బొగ్గు ప్రాంతంలో ఆ చట్టాన్ని ఎవరూ పట్టించుకునేవారు కాదు. కనుక దూరం నుంచి వచ్చే జట్లు శనివారం ఫ్రాంక్‌ఫర్డ్‌తో ఆడి, ఒళ్లు హూనం చేసుకుని, ఆదివారం పాట్స్‌విల్ చేరేవి. అలాగని మరూన్స్ ఆ కష్టం ఎరగనివాళ్లేమీ కాదు. నవంబరు 14న ఫ్రాంక్‌ఫర్డ్ వెళ్లి 20–0తో ఓడి, మర్నాడే రాచెస్టర్ మీద 14–6తో గెలిచారు.

ఫ్రాంక్‌ఫర్డ్ చేతిలో ఆ ఓటమి మాత్రం వాళ్లను నిద్రపోనివ్వలేదు. నవంబరు 29న మళ్లీ ఎదురుపడ్డారు. రెండు వారాల కిందట ఒక్క పాయింటూ చేయలేని జట్టు ఈసారి 49–0తో గెలిచింది. ఆ గెలుపు వల్ల ఒక పెద్ద అవకాశం చేతికొచ్చింది. పెద్ద తగువూ వచ్చింది. దాని దగ్గరికి వచ్చే ముందు షికాగో వెళ్లాలి.

డిసెంబరు మొదటివారానికి రెండు జట్లు పైన మిగిలాయి. షికాగో కార్డినల్స్ తొమ్మిది గెలిచి ఒకటి ఓడింది, ఒకటి డ్రా. పాట్స్‌విల్ తొమ్మిది గెలిచి రెండు ఓడింది. డిసెంబరు 6న షికాగోలోని కమిస్కీ పార్కులో రెండూ తలపడ్డాయి. ఆ రోజే న్యూయార్క్‌లో రెడ్ గ్రేంజ్ అనే కుర్రాడి ఆట చూడటానికి దాదాపు 70 వేల మంది వచ్చారు. కాలేజీ ఆటలో దేశాన్ని ఊపేసి, అప్పుడే షికాగో బేర్స్ జట్టులో చేరిన వీరుడతను. పత్రికల కళ్లన్నీ అటే. ఇటు గడ్డకట్టిన మైదానంలో, సొంత నేల మీద ఆడుతున్న కార్డినల్స్‌ను మరూన్స్ 21–7 తేడాతో ఓడించారు. పాట్స్‌విల్‌ది పది గెలుపులు, రెండు ఓటములు, 83.3 శాతం. కార్డినల్స్‌ది తొమ్మిది గెలుపులు, రెండు ఓటములు, 81.8 శాతం. విజేతలు తేలిపోయారని చాలా పత్రికలు రాశాయి.

అయితే లీగ్ నియమం ప్రకారం ఆ సీజన్ డిసెంబరు 20 దాకా ఉంది. కార్డినల్స్ యజమాని క్రిస్ ఓబ్రయన్ హడావుడిగా ఇంకో రెండు మ్యాచ్‌లు కుదుర్చుకున్నాడు. శాతం పెరిగితే రెడ్ గ్రేంజ్ ఉన్న బేర్స్ తమతో మరోసారి ఆడతారనీ, టిక్కెట్ల మీద నాలుగు డబ్బులు వస్తాయనీ ఆయన ఆశ. మొదటిది డిసెంబరు 10న మిల్వాకీతో. అప్పటికే సీజన్ ముగించుకుని చెదిరిపోయిన జట్టది. మనుషులు చాలక, కార్డినల్స్ ఆటగాడు ఆర్ట్ ఫోల్జ్ తాను చదివిన ఎంగిల్‌వుడ్ హైస్కూలు నుంచి నలుగురు కుర్రాళ్లను తెచ్చి మిల్వాకీ తరఫున దింపించాడు. ఫలితం 59–0. రెండోది డిసెంబరు 12న హామండ్‌తో, 13–0. దాంతో కార్డినల్స్ గెలుపులు పదకొండుకు, శాతం 84.6కు చేరాయి.

అదే డిసెంబరు 12న పాట్స్‌విల్ జట్టు, ఫ్రాంక్‌ఫర్డ్ మీద గెలుపుతో చేతికొచ్చిన ఆ అవకాశాన్ని అందుకుని, ఫిలడెల్ఫియాలోని షైబ్ పార్కులో ఉంది. ఎదుట ఉన్నది నోటర్‌డామ్ విశ్వవిద్యాలయ పూర్వ విద్యార్థుల జట్టు. 1924లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా దేశంలోనే మేటి అనిపించుకున్న జట్టులోని వీరులు. స్టల్‌డ్రెహర్, క్రౌలీ, మిల్లర్, లేడెన్ అనే ఆ నలుగురిని పత్రికలు నలుగురు అశ్వవీరులని కీర్తించాయి. ఆ రోజుల్లో జనానికి కాలేజీ ఫుట్‌బాల్ మీదే గౌరవం. డబ్బు తీసుకుని ఆడేవాళ్లంటే చిన్నచూపు. నోటర్‌డామ్ వీరుల ముందు బొగ్గు ఊరి జట్టు ఏం నిలుస్తుందనుకున్నవారే ఎక్కువ.

మొదటి సగంలో వాళ్లు అనుకున్నట్టే అయింది. నోటర్‌డామ్ 7, పాట్స్‌విల్ సున్నా. రెండో సగంలో మరూన్స్ ఒక టచ్‌డౌన్ సాధించారు. దాని వెంట రావలసిన అదనపు పాయింటు మాత్రం తప్పిపోయింది. 7–6. ఒక్క పాయింటు వెనక. గడియారం కరిగిపోతోంది. చివరి నిమిషాల్లో మరూన్స్ బంతిని గోల్ స్తంభాలకు అందేంత దూరం తీసుకొచ్చారు. తన్నడానికి ముందుకొచ్చింది చార్లీ బెర్రీ. షైబ్ పార్కు ఆయనకు కొత్త చోటు కాదు. అథ్లెటిక్స్ తరఫున ఆ వేసవిలో బేస్‌బాల్ ఆడిన మైదానమే. బంతి లేచింది, స్తంభాల మధ్య నుంచి దూసుకుపోయింది. 9–7. గనుల ఊరి జట్టు కాలేజీ ప్రపంచపు మేటి వీరులను ఓడించింది.

ఆ గెలుపే వాళ్ల మెడకు చుట్టుకుంది. లీగ్‌లో ప్రతి జట్టుకూ ఒక హద్దు ఉండేది. ఆ హద్దులో వేరే జట్టు మ్యాచ్ పెట్టకూడదు. ఫిలడెల్ఫియా ఫ్రాంక్‌ఫర్డ్ జట్టు హద్దులోది. పైగా ఆ రోజు ఫ్రాంక్‌ఫర్డ్ కూడా తన మైదానంలో ఆడుతోంది. వాళ్లు ఫిర్యాదు చేశారు. లీగ్ అధ్యక్షుడు జో కార్ ఆడవద్దని ముందే హెచ్చరించాడు. లీగ్ కార్యాలయం నుంచి ఫోన్‌లో అనుమతి తీసుకున్నానని డాక్టర్ స్ట్రీగల్ వాదించాడు. కార్ ఒప్పుకోలేదు. పాట్స్‌విల్‌కు 500 డాలర్ల జరిమానా వేసి, లీగ్ నుంచి సస్పెండ్ చేశాడు. దాంతో టైటిల్ మీద హక్కూ పోయింది.

స్కూలు పిల్లలను ఆడించిన వ్యవహారం మీద కూడా కార్ కొరడా ఝళిపించాడు. ఫోల్జ్‌ను లీగ్ నుంచి శాశ్వతంగా బహిష్కరించాడు. ఆ బహిష్కరణను తర్వాత ఎత్తేశారు. మిల్వాకీ యజమానికి జరిమానా వేసి, జట్టును అమ్ముకోమన్నాడు. కార్డినల్స్‌కు 1000 డాలర్ల జరిమానా. కానీ 59–0 అన్న ఆ ఫలితం మాత్రం పట్టికలో అలాగే ఉండిపోయింది.

టైటిల్ ఇస్తామంటే క్రిస్ ఓబ్రయన్ తీసుకోలేదు. తమను ఓడించిన జట్టు ఉండగా ఆ పేరు తమకెందుకన్నది ఆయన పక్షం. ఆ మనిషిని నేను గౌరవిస్తాను. డబ్బు కోసం తొందరపడి మ్యాచ్‌లు పెట్టిన మాట నిజమే. కానీ తనది కానిదాన్ని తనదని చెప్పుకోలేదు. 1933లో చార్లెస్ బిడ్‌విల్ కార్డినల్స్‌ను కొన్న తర్వాతే 1925 టైటిల్ మాదని ఆ జట్టు గట్టిగా చెప్పుకోవడం మొదలైంది.

పాట్స్‌విల్‌ను 1926లో మళ్లీ చేర్చుకున్నారు. రెడ్ గ్రేంజ్ పేరు మీద పోటీ లీగ్ పుట్టిన ఏడాది అది. మంచి జట్టు అటు పోతుందన్న భయం లీగ్‌కు ఉంది. ఆ ఏడు కూడా మరూన్స్ పది మ్యాచ్‌లు గెలిచారు. 1928 తర్వాత జట్టు బోస్టన్‌కు తరలిపోయింది. ఒక్క ఏడాది ఆడి మూతబడింది.

ఊరు మాత్రం మరిచిపోలేదు. జెర్సీలు తెప్పించిన ఆ జో జాకోయే దశాబ్దాల పాటు న్యాయం కోసం తిరిగాడు. లీగ్ ఇవ్వని ట్రోఫీని ఆటగాళ్లే చేయించుకున్నారు, ఆంత్రసైట్ బొగ్గును ఫుట్‌బాల్ ఆకారంలో చెక్కించి. అది ఇప్పుడు కాంటన్‌లోని ప్రొ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉంది. 1963లో లీగ్ ఈ వ్యవహారాన్ని మళ్లీ విచారించి 12–2 ఓట్లతో తోసిపుచ్చింది. 2003లో మరోసారి ఓటు పెట్టారు. 30–2 తేడాతో మళ్లీ కాదన్నారు. పాట్స్‌విల్ వైపు నిలిచిన ఆ రెండూ పెన్సిల్వేనియా జట్లే, పిట్స్‌బర్గ్, ఫిలడెల్ఫియా.

ఇక నా అభిప్రాయం చెబుతాను. హద్దుల నియమం చెడ్డది కాదు. అది లేకపోతే బలమైన జట్టు బలహీనమైన జట్టు టిక్కెట్లు లాగేసుకుంటుంది, లీగ్ నిలబడదు. హెచ్చరించినా వినకపోతే జరిమానా వేయడం, సస్పెండ్ చేయడం కార్ హక్కు. సీజన్ డిసెంబరు 20 దాకా ఉంది కాబట్టి కార్డినల్స్ ఇంకో రెండు మ్యాచ్‌లు పెట్టుకోవడమూ నియమానికి విరుద్ధం కాదు. ఇవన్నీ ఒప్పుకుందాం. కానీ శిక్ష వేరు, ఫలితం వేరు. డిసెంబరు 12న చేసిన తప్పుకు డిసెంబరు 6న గెలిచిన గెలుపును తీసేయడం ఏ న్యాయం? స్కూలు పిల్లలతో ఆడిన మ్యాచ్‌ను పక్కన పెట్టి చూడండి. కార్డినల్స్‌వి పది గెలుపులు, రెండు ఓటములు. పాట్స్‌విల్‌వీ పది గెలుపులు, రెండు ఓటములు. లెక్క సమానం. అప్పుడు ఎవరు ఎవరిని ఓడించారో చూడాలి. 21–7 అన్న అంకె దగ్గర వాదనకు చోటే లేదు.

ఇంకో మాట. ఏ మ్యాచ్ ఆడినందుకు పాట్స్‌విల్‌ను శిక్షించారో, ఆ మ్యాచ్ వల్ల ఎక్కువ మేలు జరిగింది లీగ్‌కే. డబ్బు తీసుకుని ఆడేవాళ్లు కూడా కాలేజీ వీరులకు తీసిపోరని షైబ్ పార్కులో జనం కళ్లారా చూశారు. ఆ గౌరవం మీదే తర్వాత ఇంత పెద్ద సామ్రాజ్యం లేచింది. ఆ మేలు చేసిన ఊరికి లీగ్ బాకీ ఉంది. 1925 ఎదురుగా రెండు పేర్లు రాస్తే కార్డినల్స్‌కు ఏ నష్టమూ రాదు. 1947లో ఫైనల్ ఆడి గెలిచిన టైటిల్ వాళ్లకు ఉండనే ఉంది. రాయడానికి కావలసినదల్లా ముప్ఫై రెండు మంది యజమానుల్లో చాలినంత మంది చేతులెత్తడం. వందేళ్లు దాటినా ఆ పని చేయదగిందే, చేయవలసిందే.